అమియాటినుస్ బైబిలు ప్రతి: తయారీ, ప్రయాణం, చెరిగిన అంకితం, మారిన యజమానులు (తరచుగా అడిగే ప్రశ్నలు)

క్రీ.శ. ఎనిమిదో శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లండు ఉత్తర భాగాన ఒక జంట మఠంలో తయారైన లాటిన్ బైబిలు ప్రతి ఒకటి ఇప్పుడు ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఉంది. దాన్ని కానుకగా పంపినవాడి పేరును ఎవరో గీకివేసి మరొక పేరు రాశారు. ఆ అసలు పేరు దాదాపు వెయ్యేళ్ళ తర్వాతే మళ్ళీ బయటికి వచ్చింది. ఆ ప్రతిని గురించి పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇవి జవాబులు.

అమియాటినుస్ ప్రతి అంటే ఏమిటి?

జెరోము లాటిన్‌లోకి తెచ్చిన బైబిలును వుల్గాతా అంటారు. పాత నిబంధన, కొత్త నిబంధన రెండూ ఒకే సంపుటంలో పూర్తిగా మిగిలిన వుల్గాతా ప్రతులలో ఇదే అన్నిటికంటే పాతది. ఇది చర్మపత్రాల మీద రాసిన ప్రతి. ఆకులు 1,030. ఒక్కో పుట దాదాపు అర మీటరు ఎత్తు, 34 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. మొత్తం బరువు సుమారు 34 కిలోలు కాబట్టి, ఒక మనిషి చేతుల్లో పట్టుకొని చదువుకొనే పుస్తకం కాదిది. బల్ల మీద పెట్టి, ఇద్దరు కలిసి తెరవవలసినది. ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో ఉన్న అమియాటా కొండ మీది మఠంలో వందల ఏళ్ళు ఉండిపోయినందువల్ల దీనికి ఆ కొండ పేరే స్థిరపడింది. పుట్టిన ఊరి పేరు దీనికి లేదు.

ఇందులో బైబిలు తప్ప మరేమైనా ఉందా?

ఉంది. పుస్తకం మొదట్లో ఉన్న కొన్ని ఆకులే ఒక చిన్న దైవశాస్త్ర గ్రంథం లాంటివి. బైబిలులోని గ్రంథాలను ఏ వరుసలో, ఏ విభాగాలుగా లెక్కించాలన్న విషయంలో పూర్వ గురువుల మధ్య ఏకాభిప్రాయం లేదు. జెరోము లెక్క ఒకటి, అగస్టీను లెక్క మరొకటి, హిలరీ పేర చెప్పే లెక్క ఇంకొకటి. ఇందులో ఏదో ఒకటి ఎంచుకొని మిగతావాటిని వదిలివేయకుండా, మూడింటినీ పటాలుగా గీసి పక్కపక్కన పెట్టారు. ఎడారిలో ఇశ్రాయేలీయులు నిలిపిన ప్రత్యక్ష గుడారం నమూనాను రెండు పుటల మీద పరచి గీశారు. ఊదా రంగు పులిమిన ఒక ఆకు కూడా ఉంది.

వీటన్నిటిలో ఎక్కువమంది ఎరిగినది, పాత నిబంధనలో కనిపించే లేఖకుడు ఎజ్రా చిత్రం. తలుపులు తెరిచిన ఒక బీరువా, అందులో పడుకోబెట్టిన తొమ్మిది సంపుటాలు, ఆ బీరువా ముందు పీట మీద కూర్చొని మోకాళ్ళ మీద పుస్తకం పెట్టుకొని రాస్తున్న వృద్ధుడు, నేల మీద చెదిరి ఉన్న రాత పరికరాలు. చిత్రం పైన రెండు పద్యపాదాలు ఉన్నాయి. శత్రువుల విధ్వంసంలో పవిత్ర గ్రంథాలు కాలిపోగా, దైవభక్తితో జ్వలించిన ఎజ్రా ఈ పనిని మళ్ళీ నిలబెట్టాడని వాటి భావం. సముద్రానికి అవతల, అప్పటికి క్రైస్తవం అందుకొని వందేళ్ళు కూడా నిండని నార్తంబ్రియా రాజ్యంలో కూర్చొని పుస్తకాలు తిరగరాస్తున్న సన్యాసులు ఆ చిత్రంలో తమను తాము చూసుకొని ఉంటారని నాకు అనిపిస్తుంది.

దీన్ని ఎక్కడ, ఎవరి ఆధ్వర్యంలో తయారు చేశారు?

వేర్‌మౌత్, జారో అనే రెండు చోట్ల ఉన్న ఒకే మఠంలో తయారైంది. వేర్‌మౌత్ మఠాన్ని 674లోనూ, జారో మఠాన్ని కొన్నేళ్ళ తర్వాతనూ బెనెడిక్ట్ బిస్కప్ అనే కులీనుడు స్థాపించాడు. భూమి ఇచ్చింది నార్తంబ్రియా రాజు ఎక్గ్‌ఫ్రిత్. బిస్కప్ రోమ్ నగరానికి పదేపదే వెళ్ళి, వెళ్ళిన ప్రతిసారీ పుస్తకాలు, చిత్రపటాలు, పవిత్ర చిహ్నాలు మోసుకొని వచ్చేవాడు. ఆ కాలంలో ఆ ప్రయాణమంటే ప్రాణాలకు తెగించడమే.

బిస్కప్ తర్వాత రెండు మఠాలకూ అధిపతి అయినవాడు చెయోల్‌ఫ్రిత్. ఈ కథలో ప్రధాన పురుషుడు ఆయనే. ఆయన గురించి పేరు తెలియని ఒక శిష్యుడు రాసిన జీవితచరిత్ర మిగిలింది. అందులోని ఒక ఘట్టం ఆయన స్వభావాన్ని చక్కగా పట్టి ఇస్తుంది. జారో మఠాన్ని మహమ్మారి కమ్మేసినప్పుడు, వంతుపాటలతో కీర్తనలు పాడగలిగినవాళ్ళందరూ చనిపోయి, చెయోల్‌ఫ్రిత్, ఆయన పెంచుతున్న ఒక చిన్న పిల్లవాడు మాత్రమే మిగిలారు. ఇద్దరితో వంతుపాటలు సాగవు గనుక కొన్ని వేళల్లో వాటిని మానివేద్దామని ఆయన నిర్ణయించాడు. ఒక వారం అలాగే గడిపారు. ఆ తర్వాత కన్నీళ్ళతో, ఇక ఉండలేక, ఇద్దరే మళ్ళీ పూర్తిగా పాడడం మొదలుపెట్టారు. ఆ పిల్లవాడు తర్వాతి కాలంలో ఆంగ్ల జాతి చరిత్ర రాసిన బీడ్ అయి ఉంటాడని చాలామంది చరిత్రకారులు భావిస్తారు.

బీడ్ స్వయంగా ఈ ప్రతిని రాశాడా?

బీడ్ ఏడేళ్ళ వయసులో ఈ మఠంలో చేరి, 735లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు కాబట్టి, ప్రతి తయారవుతున్నప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. మూలపాఠాన్ని సరిచూడడంలోనూ, మొదటి ఆకులలోని పటాలను కూర్చడంలోనూ ఆయన పాలు ఉందని కొందరు పండితులు వాదిస్తారు. ప్రతిలోని చేతిరాతలలో ఫలానాది ఆయనదేనని చెప్పడానికి మాత్రం ఆధారం లేదు.

మరి రాసినవాళ్ళు ఎవరు?

చేతిరాత తేడాలను బట్టి ఏడుగురు లేఖకులని గుర్తించారు. అందరూ ఉన్సియల్ అనే గుండ్రని పెద్ద అక్షరాలతో రాశారు. అది ఇటలీ నుంచి వచ్చిన లిపి. పుటకు రెండు నిలువు వరుసలు ఉంటాయి. వాక్యాన్ని అంచుదాకా నింపకుండా, అర్థం ఆగిన చోట పంక్తిని ఆపి, తర్వాతి అర్థభాగాన్ని కొత్త పంక్తిలో మొదలుపెట్టారు. దీనివల్ల చర్మం ఎక్కువ ఖర్చవుతుంది కానీ, బిగ్గరగా చదివేవాడికి ఊపిరి ఎక్కడ పీల్చుకోవాలో కళ్ళకు కనిపిస్తుంది. సభలో చదివి వినిపించే పుస్తకానికి ఇంతకంటే మేలైన అమరిక లేదు.

వాళ్ళు ఇటాలియన్ పద్ధతిని ఎంత శ్రద్ధగా అందుకున్నారంటే, పందొమ్మిదో శతాబ్దపు పండితులు సైతం దీన్ని ఇటలీలో పుట్టిన ప్రతి అనే నమ్మారు. ఆ పొరపాటు లేఖకుల నైపుణ్యానికి దక్కిన ప్రశంస అనుకోవచ్చు.

ఇన్ని చర్మపత్రాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

దూడ చర్మాల నుంచి. ఇంత పెద్ద ప్రతిలో ఒక దూడ చర్మం మడిస్తే రెండు ఆకులు వస్తాయి. ఆ లెక్కన ఈ ఒక్క ప్రతికే అయిదు వందలకు పైగా దూడలు కావాలి. ఇలాంటివి మూడు రాశారు కనుక దాదాపు పదిహేను వందల దూడలు అనుకోవాలి. ఇదంతా ఒక్క ఏడాదిలో జరిగిన పని కాదు. చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టి, నునుపు చేయాలి. అంటే గ్రంథం రాయడానికి ముందు పచ్చిక భూములు, పశువులు, వాటిని కాసే మనుషులు ఉండాలి. ఆ మఠానికి అంత భూమి ఉంది. పుస్తకానికీ భూమికీ ఉన్న ఈ సంబంధం ఎంత సూటిగా ఉండేదో చెప్పే ఒక సంగతి బీడ్ రాశాడు. బిస్కప్ రోమ్‌లో కొన్న, అద్భుతమైన పనితనం గల ఒక భూగోళ గ్రంథాన్ని నార్తంబ్రియా తర్వాతి రాజు ఆల్డ్‌ఫ్రిత్‌కు ఇచ్చి, దానికి బదులుగా ఎనిమిది కుటుంబాలకు సరిపడే భూమిని చెయోల్‌ఫ్రిత్ తీసుకున్నాడట.

మూడు ప్రతులు ఎందుకు రాయించారు?

రోమ్ నుంచి తెచ్చిన పుస్తకాలలో పాత లాటిన్ అనువాదంలో ఉన్న ఒక పెద్ద ఏకసంపుట బైబిలు కూడా ఉంది. ఆరో శతాబ్దంలో దక్షిణ ఇటలీలో వివారియం మఠాన్ని నెలకొల్పిన కాసియోడోరుస్ రాయించిన మహాప్రతి ఇదేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. దాన్ని చూసిన చెయోల్‌ఫ్రిత్, జెరోము చేసిన కొత్త అనువాదంలో అలాంటివే మూడు సంపూర్ణ ప్రతులు రాయించాడు. ఒకటి వేర్‌మౌత్ ఆలయానికి, ఒకటి జారో ఆలయానికి. ఎవరికి ఏ అధ్యాయం కావాలన్నా అక్కడికక్కడే తెరిచి చూసుకొనేందుకు వీలుగా వాటిని ఉంచాడు. మూడోది రోమ్‌లో ఉన్న, యేసు శిష్యుడైన పరిశుద్ధ పేతురు సమాధి దగ్గర సమర్పించడానికి.

రోమ్‌కు పంపిన ప్రతి రోమ్‌కు చేరిందా? 716లో ఏం జరిగింది?

716 జూన్ 4న, డెబ్బై ఏళ్ళు దాటిన వయసులో, చెయోల్‌ఫ్రిత్ పదవి వదిలి తానే స్వయంగా ఆ కానుకతో రోమ్‌కు బయలుదేరాడు. తాను వెళ్ళబోతున్న సంగతి ఆయన చివరిదాకా బయటపెట్టలేదు. ఆరు వందల మందికి పైగా సన్యాసులను వెనక వదిలి పడవ ఎక్కుతుంటే, ఒడ్డున అందరూ ఏడ్చారని జీవితచరిత్ర చెబుతుంది. ఆ సమయానికి సమూయేలు గ్రంథానికి వ్యాఖ్య రాస్తున్న బీడ్, గురువు హఠాత్తుగా వెళ్ళిపోవడంతో మనసు కలతపడి కొంతకాలం కలం పట్టలేకపోయానని, ఆ వ్యాఖ్య నాలుగో భాగానికి రాసిన ముందుమాటలో ఒప్పుకున్నాడు. ఆయన రచనల్లో సొంత గోడు వినిపించే చోట్లు చాలా తక్కువ కాబట్టి ఆ నాలుగు మాటలకు ఎంతో బరువుంది.

సుమారు ఎనభై మంది ఆయన వెంట నడిచారు. ప్రయాణం మొదలైన 114వ రోజున, సెప్టెంబరు 25న, ఇప్పటి ఫ్రాన్సులోని లాంగ్ర్ పట్టణం దగ్గర చెయోల్‌ఫ్రిత్ కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 74. అక్కడే ముగ్గురు కవల అమరవీరుల పేర వెలసిన ఆలయంలో ఖననం చేశారు. వెంట వచ్చినవాళ్ళు మూడు దారులు పట్టారు. కొందరు వార్త చెప్పడానికి ఇంటికి తిరిగి వెళ్ళారు. కొందరు, భాష కూడా తెలియని జనం మధ్య, గురువు సమాధిని వదలలేక అక్కడే ఉండిపోయారు. ఇంకొందరు కానుకలు పట్టుకొని ముందుకు, రోమ్‌కు సాగారు. కానుక అందినట్టు పోపు రెండో గ్రెగరీ, చెయోల్‌ఫ్రిత్ తర్వాత అధిపతి అయిన హ్వేట్‌బెర్త్‌కు రాసిన జాబు జీవితచరిత్ర చివర నకలుగా మిగిలింది.

అంకిత పద్యంలో అసలు ఏముంది? దాన్ని ఎలా మార్చారు?

పుస్తకం మొదట్లో ఒక పుట మీద ఆరు పాదాల లాటిన్ పద్యం ఉంది. మన ప్రబంధాల్లో కృతిభర్తను పేర్కొన్నట్టుగానే, ఇందులో కానుక ఇచ్చినవాడు, అందుకొనేవాడు ఇద్దరూ ఉంటారు. అసలు పద్యం మొదటి పాదం ఇలా ఉండేది: "కోర్పుస్ అద్ ఎక్సిమియీ మెరితో వెనెరాబిలే పేత్రి". మూడో పాదం: "చెయోల్‌ఫ్రిదుస్ ఆంగ్లోరుమ్ ఎక్స్‌త్రేమిస్ దే ఫీనిబుస్ అబ్బాస్". మొత్తం పద్యానికి భావం ఇది: సభకు (అంటే క్రైస్తవ సంఘానికి) శిరస్సు అని గాఢ విశ్వాసం కొలిచే మహనీయుడు పేతురు, అర్హత చేతనే పూజ్యుడు, ఆయన దేహం చెంతకు, ఆంగ్లుల కడపటి సరిహద్దుల నుంచి మఠాధిపతి చెయోల్‌ఫ్రిత్ అనే నేను నా భక్తికి గుర్తుగా కానుక పంపుతున్నాను, అంతటి తండ్రి పొందే ఆనందాల నడుమ, పరలోకంలో నన్నూ నావాళ్ళనూ ఎప్పటికీ తలచుకొనే చోటు ఉండాలని కోరుతున్నాను.

ఇప్పుడు పుట మీద కనిపించేది వేరు. "కోర్పుస్" అంటే దేహం. ఆ మాటలో మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, మిగతాది గీకి, "కేనోబియుమ్" అని రాశారు. ఆ మాటకు మఠం అని అర్థం. "పేత్రి" అన్న మాటను తీసివేసి "సాల్వతోరిస్" అని పెట్టారు. అంటే రక్షకుడి మఠం. చెయోల్‌ఫ్రిత్ పేరు, ఆంగ్లుల పేరు చెరిపి, ఆ జాగాలో "పేత్రుస్ లాంగోబార్దోరుమ్" అని నింపారు. దాంతో పద్యం అర్థమే తిరగబడింది. పేతురు సమాధికి ఆంగ్లుడు పంపిన కానుక, లాంగోబార్డుల (ఇటలీలో స్థిరపడిన ఒక జర్మానిక్ జాతి) మఠాధిపతి పీటర్ అనేవాడు సాన్ సాల్వతోరే మఠానికి ఇచ్చిన కానుక అయిపోయింది.

పద్యం అలవాటున్న తెలుగు పాఠకుడికి ఇందులోని లోపం వెంటనే తడుతుంది. సీసంలోనో ఉత్పలమాలలోనో ఎవరైనా తర్వాత ఒక పేరు ఇరికిస్తే గణం చెడుతుంది, యతి తప్పుతుంది, అది ప్రక్షిప్తమని చెవి పట్టేస్తుంది. ఇక్కడా అంతే. పాదం చివర రెండు అక్షరాల "పేత్రి" ఉండవలసిన చోట నాలుగు అక్షరాల "సాల్వతోరిస్" కూర్చుంది. పాదం పొడవు మీరింది, నడక విరిగింది. అర్థంలోనూ పొసగలేదు. రెండో పాదంలో "సభకు శిరస్సు" అన్న మాటను చెరపలేదు. అది పేతురుకు వాడే బిరుదు. మూడో పాదంలో "కడపటి సరిహద్దుల నుంచి" అన్న మాటనూ అలాగే వదిలారు. ఇటలీ నడిమధ్య ఉన్న టస్కనీ మఠానికి ఇచ్చే లాంగోబార్డు దాతకు ఆ మాట ఎలా నప్పుతుంది?

ఆ మార్పు ఎవరు చేశారు? దాన్ని దొంగతనం అనవచ్చా?

కొత్తగా రాసిన పేరును బట్టి, తొమ్మిదో శతాబ్దం చివర లేదా పదో శతాబ్దం మొదట్లో పీటర్ అనే మఠాధిపతి పేర ఈ ప్రతి సాన్ సాల్వతోరే మఠానికి చేరిందని భావిస్తారు. రోమ్ నుంచి అమియాటా కొండకు ఏ దారిన వచ్చిందో చెప్పే దస్తావేజు ఏదీ లేదు. కాబట్టి పుస్తకాన్ని దొంగిలించారని అనడానికి వీల్లేదు. కొని ఉండవచ్చు, దానంగానే వచ్చి ఉండవచ్చు.

అయితే పేరు చెరపడం వేరే సంగతి. చెయోల్‌ఫ్రిత్ ఆ పద్యంలో బంగారం అడగలేదు, పదవి అడగలేదు. తనను, తనవాళ్ళను తలచుకొనే చోటు మాత్రమే అడిగాడు. సరిగ్గా దాన్నే కత్తిమొనతో గీకివేశారు. ఇది అన్యాయమని చెప్పడానికి నేను సంకోచించను. అదే సమయంలో ఆ కొండమీది సన్యాసులు దాదాపు తొమ్మిది వందల ఏళ్ళు ఆ పుస్తకాన్ని తడవకుండా, కాలకుండా, ముక్కలు కాకుండా కాపాడారన్నదీ నిజమే. ఇంగ్లండులోనే ఉండిపోయిన తోటి ప్రతుల గతి ఏమైందో కింద చెప్పాను. అది చదివాక ఈ రెండో మాట విలువ తెలుస్తుంది.

అమియాటా మఠంలో దీన్ని ఎలా చూసేవారు?

పాఠ్యగ్రంథంగా కంటే పవిత్ర చిహ్నంగానే ఎక్కువగా చూశారు. 1036 నాటి మఠం పవిత్ర వస్తువుల పట్టికలో, పోపు గ్రెగరీ స్వహస్తాలతో రాసిన పాత, కొత్త నిబంధనలుగా దీన్ని పేర్కొన్నారు. ఇక్కడ చెప్పిన గ్రెగరీ, కానుక అందుకున్న రెండో గ్రెగరీ కాదు. ఆంగ్లుల దగ్గరికి ప్రచారకులను పంపిన, 604లో చనిపోయిన మహా గ్రెగరీ. ఆంగ్లులు కృతజ్ఞతతో రోమ్‌కు పంపిన పుస్తకం, చివరికి ఆంగ్లులకు క్రైస్తవం అందించిన పోపు చేతిరాతగా పేరు పొందడం విచిత్రమైన యాదృచ్ఛికం. పదమూడో శతాబ్దంలో మఠం బెనెడిక్టులనే సన్యాసి సంఘం నుంచి సిస్టర్షియన్లనే మరో సంఘం చేతికి వచ్చినా, పుస్తకం మాత్రం ఉన్నచోటే ఉంది.

ఇది మళ్ళీ ఎప్పుడైనా రోమ్‌కు వెళ్ళిందా?

వెళ్ళింది. పోపు అయిదో సిక్స్తుస్ కాలంలో వుల్గాతా పాఠాన్ని పరిష్కరించే పనిలో, పాత ప్రతులను సరిపోల్చడానికి 1587లో దీన్ని రోమ్‌కు తెప్పించారు. పరిష్కరించిన బైబిలు 1590లో అచ్చయింది, ప్రతి మఠానికి తిరిగి చేరింది. ఆ ముద్రణను పోపు మరణించిన కొద్దికాలానికే ఉపసంహరించి, 1592లో మరొకటి వెలువరించారు. చెయోల్‌ఫ్రిత్ పంపదలచిన ఊరికే ఆయన కానుక అరువు తెచ్చిన పుస్తకంగా వెళ్ళి వచ్చింది. ఎవరిదో మాత్రం అక్కడా ఎవరికీ తెలియలేదు.

ఫ్లోరెన్స్‌కు ఎలా చేరింది?

టస్కనీ గ్రాండ్ డ్యూక్ పియెత్రో లియోపోల్డో తన రాజ్యంలో అనేక మఠాలను మూసివేశాడు. సాన్ సాల్వతోరే మఠాన్ని 1782లో రద్దు చేశారు. మఠం ఆస్తి ప్రభుత్వ పరమైంది. ఆ తర్వాత కొద్ది సంవత్సరాల్లోనే ఈ ప్రతి ఫ్లోరెన్స్‌లోని మెదీచీ లారెంజియానా గ్రంథాలయానికి వచ్చింది. అక్కడ దీని గుర్తింపు సంఖ్య అమియాటినో 1. ఇప్పటికీ అక్కడే ఉంది.

చెరిపేసిన అసలు పేరు ఎలా బయటపడింది?

గీకినా చర్మం గుర్తుంచుకుంటుంది. గీకిన చోట నునుపు మారుతుంది, సిరా పాకుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలోనే లారెంజియానా గ్రంథాలయ అధికారి ఆంజెలో మరియా బండీని ఆ పేర్లు చెరిపివేత మీద రాసినవని గమనించాడు. కానీ అడుగున ఏముందో తేలలేదు. పైగా లేవీయకాండము మొదలయ్యే చోట, గ్రీకు అక్షరాల్లో, సెర్వాండుస్ దీన్ని చేశాడన్న ఒక వాక్యం ఉంది. ఆ పేరు గల మఠాధిపతి ఒకరు ఆరో శతాబ్దంలో ఇటలీలో, సన్యాసి నియమావళి రాసిన బెనెడిక్ట్‌కు మిత్రుడుగా ఉన్నాడు. దాంతో పందొమ్మిదో శతాబ్దపు పండితులు దీన్ని ఆరో శతాబ్దపు ఇటలీ ప్రతిగా ఖాయం చేసుకున్నారు. కొత్త నిబంధన భాగాన్ని 1850లో అచ్చువేసిన బైబిలు పండితుడు తిషెండోర్ఫ్‌దీ ఆ మాటే.

1880వ దశకంలో రోమ్ పురాతత్త్వవేత్త జొవాన్నీ బతిస్తా దె రోస్సి ఈ ముడి విప్పాడు. ఛందస్సుకు సరిపడేలా, మిగిలిన అక్షరాల ఆనవాళ్ళకు కుదిరేలా, అర్థం పొసగేలా ఏ మాటలు ఉండాలో ఆలోచించి, "కోర్పుస్", "పేత్రి" అన్న మాటలను పట్టుకున్నాడు. దూరపు సరిహద్దుల నుంచి పేతురు దేహం చెంతకు బైబిలు పంపిన మఠాధిపతి ఎవరని వెతికితే, బీడ్ రాతల్లోని చెయోల్‌ఫ్రిత్ కనిపించాడు. ఒక్క మాట దగ్గర మాత్రం పొరబడ్డాడు. "ఆంగ్లుల" అని ఉండవలసిన చోట "బ్రిటన్ల" అని ఊహించాడు.

ఆ లోటు తీర్చినవాడు ఇంగ్లండు బైబిలు పండితుడు హోర్ట్. పైన చెప్పిన పేరు తెలియని శిష్యుడి జీవితచరిత్రలో ఈ అంకిత పద్యం, ఒకటి రెండు చోట్ల చిన్న తేడాలతో, ఉందని ఆయన చూపించాడు. అందులో స్పష్టంగా "ఆంగ్లోరుమ్" అని ఉంది. దె రోస్సి ఊహ రుజువైంది, అదే ఊపున దిద్దుబాటూ జరిగింది. తన పేరు ఎక్కడా చెప్పుకోని ఒక శిష్యుడు, గురువు పంపిన కానుక మీది ఆరు పాదాలను తన పుస్తకంలో నకలు రాసి ఉంచకపోతే, ఈ నిర్ధారణ ఇంత గట్టిగా ఉండేది కాదు. ఈ మొత్తం చరిత్రలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది ఈ సంగతే.

మిగతా రెండు ప్రతులు ఏమయ్యాయి?

రెండూ పూర్తి రూపంలో లేవు. జారో మఠం మీద 794లో వైకింగులు దాడి చేశారు. ఆ రెండు ప్రతులలో ఒకటి తర్వాత వూస్టర్ పట్టణపు ప్రధాన ఆలయానికి చేరి ఉంటుందని భావిస్తారు. మిగిలినవి విడి ఆకులు మాత్రమే. విలియం గ్రీన్‌వెల్ అనే డరం మతాధికారికి ఒక ఆకు న్యూకాజిల్‌లోని ఒక దుకాణంలో దొరికింది. మరో పదకొండు ఆకులు నాటింగ్‌హమ్ ప్రాంతపు విల్లబీ కుటుంబం వారి భూమి పత్రాలకు పైఅట్టలుగా బయటపడ్డాయి. రాజుల గ్రంథం రాసిన ఆకును మడిచి భూమి లెక్కలకు చుట్టారన్నమాట. ఇంకొక ఆకు ముక్క 1982లో డోర్సెట్‌లోని కింగ్‌స్టన్ లేసీ భవనంలో కనిపించింది. ఇవన్నీ ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

బైబిలు పాఠ పరిశోధనలో దీని విలువ ఏమిటి?

జెరోము 420లో చనిపోయాడు. ఆయన అనువాదాన్ని చేత్తో నకలు చేసినవాళ్ళు, తమకు చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన పాత అనువాదపు మాటలను తెలియకుండానే కలిపేస్తూ వచ్చారు. అందువల్ల జెరోము రాసినదానికి దగ్గరగా ఉన్న పాఠం ఏదన్నది తేల్చడం కష్టం. ఈ ప్రతి ఆ విషయంలో మేలైన సాక్షులలో ఒకటి. వుల్గాతా ఆధునిక పరిష్కరణలలో దీన్ని "ఎ" అన్న గుర్తుతో సూచిస్తారు. కీర్తనల గ్రంథానికి జెరోము ఒకటికి మించి అనువాదాలు చేశాడు. ఆరాధనలో పాడుకొనే పాఠాన్ని కాకుండా, హీబ్రూ మూలం నుంచి నేరుగా చేసినదాన్ని ఇందులో రాశారు. బారూకు గ్రంథం ఇందులో లేదు. అన్ని గ్రంథాలలోనూ పాఠం ఒకే స్థాయిలో లేదు, ఒక్కో గ్రంథానికి ఒక్కో మూలప్రతి వాడారు కాబట్టి నాణ్యత మారుతుంది.

ఈ ప్రతి ఇప్పుడు ఎవరి సొత్తు? ఇంగ్లండుకు తిరిగి ఇవ్వాలా?

లారెంజియానా ఇటలీ ప్రభుత్వ గ్రంథాలయం కాబట్టి ఇది ఆ దేశపు సొత్తు. తిరిగి ఇవ్వాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది కానీ, ఇది ఇంగ్లండు నుంచి దోచుకుపోయినది కాదు. ఇచ్చినవాడు మనసారా ఇచ్చి, తానే వెంట నడిచి, ఆ ప్రయాణంలోనే ప్రాణం విడిచాడు. దాన్ని వెనక్కి తెచ్చుకుంటే ఆయన సంకల్పాన్ని కాదన్నట్టవుతుంది. ఎవరికైనా హక్కు ఉందనుకుంటే అది రోమ్‌లోని పేతురు ఆలయానికి ఉండాలి.

చూపించడానికి తీసుకువెళ్ళడం వేరు. 2018 అక్టోబరు నుంచి 2019 ఫిబ్రవరి వరకు బ్రిటిష్ లైబ్రరీలో జరిగిన ఆంగ్లో-సాక్సన్ రాజ్యాల ప్రదర్శనకు ఫ్లోరెన్స్ వారు దీన్ని అరువిచ్చారు. 1,302 ఏళ్ళ తర్వాత అది తాను పుట్టిన నేలను చూడడం అదే మొదటిసారి. తోటి ప్రతుల నుంచి మిగిలిన ఆకులు ఉన్నదీ ఆ గ్రంథాలయంలోనే.

దీన్ని మనం చూడగలమా?

అసలు ప్రతిని అందరికీ తెరిచి చూపించరు. పుటలన్నిటి ఛాయాచిత్రాలు అంతర్జాలంలో ఉన్నాయి. అంకిత పద్యం ఉన్న పుటను పెద్దది చేసి చూస్తే, గీకి రాసిన మాటలు పక్కవాటి కంటే వేరుగా, ఇరుకుగా కూర్చోవడం మామూలు కంటికే తెలుస్తుంది. పూర్తి పరిమాణంలో చేసిన నకలు ఇంగ్లండులోని జారో ఊళ్ళో, జారో హాల్ అనే ప్రదర్శనశాలలో ఉంచారు.

ఆ ఊరికి వెళ్ళినవారు పక్కనే ఉన్న పరిశుద్ధ పౌలు ఆలయాన్ని కూడా చూడాలి. ఆ ఆలయాన్ని 685 ఏప్రిల్ 23న ప్రతిష్ఠించినప్పటి శిలాఫలకం ఇంకా గోడలో ఉంది. రాజు ఎక్గ్‌ఫ్రిత్ పాలనలో పదిహేనో ఏడు, మఠాధిపతి చెయోల్‌ఫ్రిత్‌కు నాలుగో ఏడు అని లాటిన్‌లో చెక్కారు. ఆ రాతి మీద ఆయన పేరును ఎవరూ ముట్టుకోలేదు.